బండెక్కిన మాట

ఆసుపత్రి వెనక బట్టలుతికే షెడ్డులో యంత్రాలు తిరుగుతున్నంతసేపూ పక్కమనిషి అరిచినా వినపడదు. ఉతికే డ్రమ్ముల మోత ఒకవైపు, నీళ్ళు పిండే యంత్రం రొద ఇంకోవైపు, నడుమ బుస్సున ఆవిరి కక్కే ఇస్త్రీ రోలరు. అందుకని పని వేళ అక్కడివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి బోర్లిస్తే దుప్పటి. వేలు గిర్రున తిప్పితే మరక పోలేదు, మళ్ళీ ఉతుకు. భుజం తడుముకుంటే మేస్త్రీ వస్తున్నాడు. నోళ్ళకి పని దొరికేది టీ గంట కొట్టి యంత్రాలన్నీ ఆపినప్పుడే. అప్పుడైనా అందరూ ఒక్కసారే మొదలెడితే ఎవరిదీ ఎవరికీ ఎక్కదని, ఎవరో ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. చెప్పే మాటున్నవాళ్ళు ఖాళీ బట్టల బండిని తిరగేసి దాని మీదికెక్కాలి. ఎక్కినవాళ్ళు దిగేదాకా మిగతావాళ్ళు టీ తాగుతూ వినాలి, మధ్యలో నోరు పెట్టకూడదు. పెళ్ళి పిలుపైనా, పోయిన గొడుగైనా, పక్కవాడి మీద పితూరీ అయినా బండి మీంచే.

పద్ధతి అందరిదీ. బండి మాత్రం రేడియోది.

రేడియో పని మురికి బట్టల కుప్ప దగ్గర. వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి, దుప్పట్లు ఓ పక్కకి, గౌన్లు ఓ పక్కకి, నెత్తురు మరకలవి వేరే పక్కకి వేరు చెయ్యడం. అసలు పేరు హాజరు పిలిచినప్పుడు తప్ప అతనికే గుర్తుండేది కాదు. ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే చాలు, మూడోసారి అది అతని నోట్లోంచి వచ్చేది. మేస్త్రీ దగ్గు, మేనేజరు ముక్కుతో నవ్వే నవ్వు, రోలరు మీద పనిచేసే ముసలాయన పళ్ళు లేని తిట్లు, అన్నీ వచ్చేవి. ఆ ముసలాయన్ని షెడ్డు షెడ్డంతా బావ అనే పిలుస్తుంది. ఎవరికి బావో ఆయన్నడిగినా చెప్పలేడు.

ఒక రోజు రేడియో బండెక్కి, మేనేజరు తనిఖీకొచ్చి తెల్ల దుప్పటి వాసన చూసి తుమ్మే తుమ్ము తుమ్మాడు. బావకి టీ ముక్కులోకెక్కింది. డ్రమ్ముల దగ్గర ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తుమ్ముతూనే రేడియో ఓరకంట అందరి మొహాలూ చూసుకున్నాడు. నవ్వని మొహం ఒక్కటే కనపడింది. మడత బల్ల దగ్గర కొత్తగా చేరినావిడది. చేరినప్పట్నుంచీ పట్టుమని పది మాటలు మాట్లాడిన మనిషి కాదు. ఈవిడకి వినపడదేమో పాపం అనుకుని రేడియో ఇంకో తుమ్ము ఆవిడ కోసమే పెద్దగా తుమ్మి దిగాడు.

అతను దిగిన బండి మీదికి మడతలావిడ ఎక్కింది. ఎక్కడం చేతకాక ఒకసారి కాలు జారి, రెండోసారి బల్ల అంచు పట్టుకుని ఎక్కింది. ఎక్కి ఏప్రానుకి చేతులు తుడుచుకుంది. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుంది.

"ఉతికొచ్చిన దుప్పటి మడతలో నాకు సూది గుచ్చుకుంది," అంది. "ఎవరికి పొడిచిన సూదో తెలీదు. డాక్టరమ్మని అడిగితే కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం చూడాలంది. అప్పటిదాకా భయపడకు అంది. మా పిల్ల తల దువ్వబోతే నా చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేస్తోంది. గ్లౌజులు అడిగితే లేవన్నారు. ఇక్కడ సూది గుచ్చుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. చెయ్యెత్తండి, చూస్తాను."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మడత పెట్టిన దుప్పటి బల్ల మీద పెట్టినట్టు పెట్టింది ఆ మాటల్ని.

మొదట బావ చెయ్యి లేచింది. తర్వాత డ్రమ్ముల దగ్గర ఒకరు, పిండే యంత్రం దగ్గర ఇద్దరు. తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలీకుండా లేచాయి. రేడియో చెయ్యి కూడా చెవి దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి దాన్ని తల గోక్కోవడానికి తిప్పుకున్నాడు. నిజానికి అతని వేళ్ళలో దిగినన్ని సూదులు ఆ షెడ్డులో ఇంకెవరి వేళ్ళలోనూ దిగలేదు. దిగిన ప్రతిసారీ బండెక్కి, ఇంజెక్షను వేయించుకుంటున్న మేనేజరులా కెవ్వుమని అరిచి నవ్వించాడు. సరుకంతా తన దగ్గరే ఉంది. దాన్ని ఇలా పెట్టొచ్చని తోచలేదు, అంతే.

గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది. గంట కొట్టింది. కొట్టాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. రేడియో నవ్వించేటప్పుడు గంట కొడితే నవ్వు సగంలోనే తెగిపోయేది, ఎవరి మటుకు వాళ్ళు గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. అది ఇన్నాళ్ళూ అతనికి మామూలుగానే ఉండేది. ఇప్పుడు గ్లాసు కడగడానికి లేవబోయి, అందరూ కూర్చునే ఉన్నారని మళ్ళీ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున హాజరు పిలిచాక మేస్త్రీ కాగితం లేకుండా, గొంతు సవరించుకుని, ఇకమీదట టీ వేళ బండెక్కడాలుండవన్నాడు. బండ్లు బట్టలకి, మనుషులకి కాదు. ఎక్కినవాళ్ళు అట్నుంచటే ఇంటికెళ్ళొచ్చు. అందరూ నేల చూపులు చూశారు. రేడియో మాత్రం ఛాతీ కాస్త ముందుకి పెట్టాడు. బండి ఆపారంటే ఎవరి నోరు మూసినట్టు? షెడ్డులో నోరెవరిది? ఆ మడతలావిడ ఎక్కింది ఒక్కసారి. ఇన్నేళ్ళూ ఎక్కింది తను. కొడితే దెబ్బ తనకి తగలాలి. పక్కవాళ్ళు తనవంక జాలిగా చూస్తారేమోనని, చూస్తే ఎలా నిట్టూర్చాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు. అందరూ మడత బల్ల వంకే చూస్తున్నారు.

మురికి మూటలు విప్పుతుంటే మేస్త్రీ వచ్చి చెవి దగ్గర నోరు పెట్టాడు. "నీక్కాదురోయ్. నువ్వు ఎక్కు. మేనేజరుగారే అన్నారు, రేడియోని ఆపకండి, జనం కాస్త నవ్వుకుంటారు అని."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. తన మాటలకి గేటు లేదన్నమాట. కుక్కకి గేటుండదు, ఎటైనా తిరగొచ్చు. మేనేజరు తుమ్ము, మేనేజరు కెవ్వు, మేనేజరు నవ్వు, అన్నీ మేనేజరే తలుపు తీసి పంపించిన సరుకు. ఆవిడ మాట చెవిన పడ్డాక మాత్రం ఆయనకి నిద్రపట్టలేదు.

టీ వేళ ఎక్కాడు. ఎక్కకపోతే ఓడిపోయినట్టని ఎక్కాడు. మేస్త్రీ కొత్త ఉత్తరువుని మేస్త్రీ దగ్గుతోనే వినిపించాడు. నవ్వారు. ఇంటికొచ్చిన చుట్టానికి కుర్చీ వేసినట్టు నవ్వారు. బావ గ్లాసులోకి చూస్తూ, బాగుంది బాగుంది అని రెండుసార్లన్నాడు. ఒకటే అంటే సరిపోదనుకున్నాడేమో.

అంతకంటే పెద్ద దెబ్బ టీ తర్వాత తగిలింది. యంత్రాలు మళ్ళీ మొదలయ్యాక చూస్తే, డ్రమ్ముల దగ్గరామె బొటనవేలితో చూపుడువేలి కొస నొక్కి, పిండే యంత్రం దగ్గర వాళ్ళ వంక చూసింది. వాళ్ళూ అలాగే నొక్కి రోలరు వంక చూశారు. బావ నొక్కి మడత బల్లకి పంపాడు. అరచెయ్యి బోర్లిస్తే దుప్పటి అయినట్టు, వేలి కొస నొక్కితే సూది అయింది. చూసి పట్టుకో, జాగ్రత్త, నీకూ గుచ్చుకుందా, నాకూ, అన్నీ అదే. ఒక్క పూటలో ఆవిడ మాట షెడ్డు చేతుల్లోకి వెళ్ళిపోయింది. రేడియో ఇన్నేళ్ళ తుమ్ముల్లో ఒక్క తుమ్మైనా ఎవరి చేతిలోకీ వెళ్ళలేదు. నోట్లో పుట్టి నోట్లోనే పోయింది. అతను మూటలో చెయ్యి పెట్టి దుప్పటి లాగాడు. మామూలుగా లాగేదాని కంటే గట్టిగా లాగాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య వంటగదిలో కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోంది. చెప్పులు విప్పకముందే, మీ షెడ్డులో ఎవరో ఆవిడ మాట్లాడిందట కదా అని అడిగింది. నీళ్ళ కుళాయి దగ్గర విందట. ఊళ్ళో కుళాయిలన్నీ ఆవిడ కోసమే పుట్టాయి కాబోలు అనుకున్నాడు రేడియో. ఏమందట అంటే, ఏముంది, సూది అంది అన్నాడు. అంతేనా అంటే ఉండబట్టలేక ఆవిడ గొంతు చేశాడు. వెటకారానికే మొదలెట్టాడు. పిల్ల తల దువ్వబోతే చెయ్యి వెనక్కొచ్చే చోటికి వచ్చేసరికి కత్తిపీట మీద భార్య చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోసారి అను," అంది.

పెళ్ళయినప్పట్నుంచీ అతను చేసిన గొంతులన్నీ ఆమె పోపు వేస్తూనో, బట్టలు ఆరేస్తూనో వింది. ఇంకోసారి అని ఏనాడూ అడగలేదు. రేడియో అనలేదు. ఆవిడ ఎలా ఉంటుందని అడిగితే, ఎలా ఉంటుంది, మనిషిలా ఉంటుంది అని విసుక్కున్నాడు.

భార్య చేతులు తుడుచుకుని లేచి వచ్చి, అతని చెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పింది. వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ చూసింది.

"నీకూ గుచ్చుకున్నాయా?"

"నీకు చెప్పాగా అప్పుడే."

"చెప్పావు. నవ్వొచ్చేట్టు చెప్పావు. నేనూ నవ్వాను."

తర్వాత ఆమె వెళ్ళి కూర తరుక్కుంది. రేడియోకి భోజనం సయించలేదు. భార్య తన చెయ్యి పట్టుకుంది నిజమే. పట్టుకునేలా చేసిన మాట మాత్రం తనది కాదు.

మర్నాడు మధ్యాహ్నం మేనేజరు పిలుస్తున్నాడని మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు. మేనేజరు గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఆయనది, ఇంకోటి వచ్చిన పెద్దవాళ్ళది. ఆ రెండోదాన్ని చూపించి, కూర్చోవయ్యా అన్నాడు మేనేజరు. రేడియో అంచు మీద కూర్చున్నాడు. మేస్త్రీ తలుపు దగ్గర నిలబడ్డాడు.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ఇంతకు ముందు నలుగురిని పిలిచి అడిగానని, ఆ వేళ అందరి చెవుల్లోనూ దూది ఉన్నట్టుందని, ఎవరికీ ఏమీ గుర్తులేదని చెప్పాడు. నీకు మాత్రం ఎవరి మాటైనా అక్షరం పొల్లుపోదు కదా, ఆవిణ్ణి ఒకసారి దించు, చూద్దాం అన్నాడు.

దించడమా, దించుతాను చూడు అనుకున్నాడు రేడియో. మూతి కాస్త వంకర, ముక్కు ఎగబీల్పు ఒకటి, మాటకీ మాటకీ మధ్య కాస్త ఏడుపు. పొద్దున్నించీ లోపల తిప్పుకుంటున్నవే. మొదలెట్టాడు. ఎగబీల్పు రెండో మాటకే రాలిపోయింది. ఏడుపు ఎక్కడ పెడదామన్నా చోటు దొరకలేదు. ఆ మాటల నిండా వాటి మనిషే ఉంది, ఇంకొకరు దూరడానికి సందు లేదు. చెయ్యెత్తండి, చూస్తాను, అనేసరికి తలుపు దగ్గరున్న మేస్త్రీ చెయ్యి నడుం మీంచి జారి కిందికొచ్చింది.

"చాలు," అన్నాడు మేనేజరు. ముక్కుతో నవ్వలేదు. కాసేపు బల్ల మీది గ్లాసు మూత తీసి పెట్టి, తీసి పెట్టి, తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఆవిడ చివర్లో పని ఆపమంది కదా అన్నాడు. రేడియో ఆయన వంక చూశాడు.

"గ్లౌజులిచ్చేదాకా ఒక్క దుప్పటీ ముట్టుకోకండి, అంది. మేస్త్రీ విన్నాడు. నువ్వూ వినే ఉంటావు. రేపు పైవాళ్ళ ముందు ఇప్పుడు చేసినట్టే ఆవిడ గొంతుతో ఆ ఒక్క మాట అనెయ్. ఆవిణ్ణి గౌరవంగా ఇంటికి పంపించేస్తాం. నీ బండి నీకు ఎప్పటికీ ఉంటుంది."

మేస్త్రీ ఫ్యాను వంక చూస్తున్నాడు.

గ్లౌజులిచ్చేదాకా ఒక్క దుప్పటీ ముట్టుకోకండి. రేడియో ఆ మాటని లోపల ఒకసారి అనుకుని చూశాడు. అబ్బ, ఏం మాట. ఒక్క ముక్క తీసెయ్యడానికి లేదు, ఒక్క ముక్క కలపడానికి లేదు. బండి మీంచి దాన్ని వదిలితే షెడ్డు చివరిదాకా వెళ్ళి గోడకి తగిలి తిరిగొస్తుంది. రేపీ మాట ఆవిడదని తేలితే ఆవిడ ఉద్యోగం పోతుంది, పోనీ. పోయాక ఏమవుతుంది? ఆవిడ వెళ్ళిపోయినా మాట ఇక్కడే ఉంటుంది. మడతలావిడ అన్నదిరా, అని రోలరు అరిగిపోయేదాకా చెప్పుకుంటారు. వేలి కొస నొక్కుకున్నట్టే దీనికీ ఒక సైగ పుడుతుంది. సూది ఆవిడదైంది. గంట కొట్టినా లేవని ఆ నిశ్శబ్దం ఆవిడదైంది. ఇంట్లో పెళ్ళాం ఇంకోసారి అనమన్నదీ ఆవిడ మాటే. ఇంకా ఎవరి నోటా పడని ఈ ఒక్కటీ కూడా తన గొంతు కోసి తీసుకెళ్ళి ఆవిడ చేతిలోనే పెట్టాలా?

"ఆవిడ అనలేదండి," అన్నాడు.

మేనేజరు బాగా గుర్తు తెచ్చుకోమన్నాడు.

"ఆవిడకంత మాట రాదండి."

"మరెవరన్నారు?"

"నేనండి."

మేనేజరుకి నవ్వొచ్చింది. మొదలైన నవ్వు ముక్కు దాకా వచ్చి ఆగింది. రేడియో మొహంలో ఏ గొంతూ లేదు. వెతికినా ఎవరి పోలికా దొరకలేదు. మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు. నిన్ను పంపించేస్తే ఎందుకని నలుగురూ అడుగుతారు, కాబట్టి ఉంటావు అన్నాడు. "కానీ ఇవాళ్టి నుంచి నీ గొంతు నాకు వినపడకూడదు. బండి మీదా వద్దు, కిందా వద్దు. వినపడిన రోజు అదే నీకు ఆఖరి రోజు."

రేడియో బయటికి నడిచాడు. తన నోటికీ గేటు పడింది. తన మాటకీ ఒకడు భయపడ్డాడు. ఆవిడకి పెట్టింది బండి ఎక్కొద్దన్న ఆంక్షే, తనకి కింద కూడా. ఆవిడ కంటే ఒక మెట్టు పైనే. మూతి బిగించుకున్నా చివర్లు నవ్వుతూనే ఉన్నాయి. రోలరు దాటి, డ్రమ్ములు దాటి మురికి కుప్ప దగ్గరికి వచ్చాక గానీ ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదని ఆ తర్వాత తోచింది.

ఆ మర్నాడు టీ గంటకి అతను గోడ పక్కన కూర్చున్నాడు. బండి తిరగెయ్యలేదు. అందరూ అది చూశారు. అంతకు ముందే ఇంకోటి కూడా విన్నారు. లోపలికి పిలిచారట. కుర్చీ వేశారట. ఆవిడ గొంతు చేసి చూపించాడట. బయటికొచ్చేటప్పుడు మొహం నవ్వుతూ ఉందట. కుర్చీ సంగతి మేస్త్రీ నోరు జారాడు, నవ్వు సంగతి చూసినవాళ్ళే చెప్పారు. మిగతాది ఎవరికి వాళ్ళు కలుపుకున్నారు. ఆ షెడ్డులో మేనేజరు గది కుర్చీలో కూర్చుని వచ్చినవాడు ఊరికే వచ్చిన దాఖలా లేదు. బావ వచ్చి రోజూలాగే పక్కన కూర్చున్నాడు గానీ, గ్లాసు మాత్రం అటువైపు పెట్టుకున్నాడు.

రేడియో నోట్లో మాటలు బిలబిలమంటున్నాయి. మేనేజరు గ్లాసు మూత తీసి పెట్టడం, మేస్త్రీ ఫ్యాను చూడటం, తను నేనండి అనడం. అతని బతుకులో చెప్పుకోదగ్గది జరిగింది ఇదొక్కటే. ఇదొక్కటే చెప్పడానికి లేదు. చెప్పినా ఏం చెప్తాడు? ఆవిణ్ణి కాపాడానని చెప్పాలా? ఆవిడకి ఒక్క మంచి మాట దక్కకూడదని ఏడ్చానని చెప్పాలా?

మడతలావిడ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"అన్నా, లోపల నా గొంతు చేశావట."

రేడియో తలూపాడు.

"బాగా వచ్చిందా?"

ఎవరూ నవ్వలేదు. మాట్లాడ్డానికి లేదన్నట్టు రేడియో చెయ్యి నోటి దాకా తీసుకెళ్ళి అడ్డంగా ఆడించాడు. ఆవిడకి అర్థమైందో లేదో. అర్థమైనట్టు లేదు. ఆవిడ వెళ్ళి గోడ దగ్గరున్న ఖాళీ బండిని లాక్కొచ్చి, రెండు చేతులా పట్టి తిరగేసి, అతని ముందు పెట్టింది.

"నా గొంతుతో అక్కడ ఏమన్నావో ఎక్కి చెప్పు. ఎవరూ అడ్డు రారు."

తలుపు దగ్గర మేస్త్రీ ఉన్నాడు. దగ్గబోయి మానుకున్నాడు. రేడియో మేస్త్రీ వంక చూశాడు, బండి వంక చూశాడు, లేచి ఎక్కాడు. అందరూ తననే చూస్తున్నారు. ఒక్క గ్లాసూ కదలడం లేదు. మూడు రోజుల్నుంచీ కడుపు మండిపోతూ కోరుకున్న నిశ్శబ్దం అదే. దగ్గర్నుంచి చూస్తే దాంట్లో ప్రేమేమీ లేదు.

అలవాటు కొద్దీ మేనేజరుతో మొదలెట్టాడు. కూర్చోవయ్యా అన్నాడు. గ్లాసు మూత తీసి పెట్టాడు. పని ఆపమంది కదా అని ముక్కుతో అన్నాడు. మేస్త్రీలా ఫ్యాను చూశాడు. డ్రమ్ముల వైపు ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. ఇక మిగిలింది తను. అక్కడికొచ్చేసరికి ఏ గొంతు పెట్టాలో తెలీలేదు. ఏదీ పెట్టకుండా వదిలేస్తే సన్నటి కీచుగొంతు ఒకటి వచ్చింది. అది విన్న బావ ఎవరిదా అన్నట్టు పక్కకి చూశాడు.

"ఆవిడ అనలేదన్నాను. ఆవిడకంత మాట రాదన్నాను. నేనన్నానని చెప్పాను."

బండి మీదున్నవాడి మాటకి అడ్డు రాకూడదని మర్చిపోయాడు బావ. "నువ్వెప్పుడన్నావురా?"

"ఇంకా అనలేదు బావా."

అని, నోరు తడుపుకుని, రేడియో ఆ మాట అన్నాడు. గోడ దాకా వెళ్ళి తిరిగొస్తుందనుకున్న మాట, ఆ కీచుగొంతులో ముందు వరసైనా దాటలేదు. ఏమన్నాడు, ఏమన్నాడు అని వెనకనుంచి అడిగారు. బావ వెనక్కి తిరిగి చెప్పాడు. పిండే యంత్రం దగ్గరివాళ్ళు డ్రమ్ముల దగ్గరివాళ్ళకి చెప్పారు. గ్లౌజులిచ్చేదాకా ఒక్క దుప్పటీ ముట్టుకోకండి. ఒక్కో నోటికీ ఒక్కో గొంతు తగిలించుకుంటూ అది షెడ్డు అవతలి కొసకి నడిచి వెళ్ళింది. అక్కడ, తడి దుప్పట్లు చేతుల నిండా ఎత్తుకుని అప్పుడే లోపలికొచ్చిన ఒకామె, ఎవరన్నారు అని అడిగింది.

"ఇంకెవరు, మడతలావిడే," అని ఎవరో చెప్పారు.

రేడియోకి వినపడింది. తలుపు దగ్గర్నుంచి మేస్త్రీ అప్పటికే మేనేజరు గది వైపు నడుస్తున్నాడు. మాట ఎవరన్నారో మేస్త్రీ కళ్ళారా చూశాడు, అక్కడ మాత్రం పొరపాటు జరగదు. కింద నిలబడ్డ మడతలావిడకీ వినపడింది. ఆవిడ తలెత్తి రేడియో వంక చూసింది, ఇప్పుడు సరిదిద్దుతాడు అన్నట్టు. రేడియో నోరు తెరిచాడు. నాది, అనేస్తే అయిపోతుంది. బండి మీదున్నాడు, ఎవరూ అడ్డు రారు.

నోరు మూసుకుని బండి దిగాడు.

అవతల, ఆ వచ్చినామె ఒక నిమిషం ఆలోచించి, చేతుల్లో ఉన్న తడి దుప్పట్లని ఉన్నచోటే నేల మీద పెట్టేసింది.